రాళ్లున్నాయి, చదివేవాళ్లేరీ?

హైదరాబాదు నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 2025 మార్చిలో శాసనసభ ఆ బిల్లును ఆమోదించింది. ఆ పేరుతో నాకు పేచీ లేదు, సంతోషమే. నా పేచీ అంతా పేరు పెట్టి చేతులు దులుపుకున్నవాళ్లతో. ప్రతాపరెడ్డి ఏ పని చేసి అంతటివారయ్యారో ఆ పనికి ఈ ఊళ్లో ఇవాళ ఇల్లూ లేదు, వాకిలీ లేదు. బోర్డు మీద ఆయన ఉన్నారు. ఆయన చదివిన చదువు లేదు.

ఏమిటా చదువు? 1949లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అచ్చయింది. 1955లో తెలుగుకు దక్కిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. పట్టాభిషేకాలూ దండయాత్రలూ పక్కకు నెట్టి, తూర్పు చాళుక్యుల కాలం నుంచి మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ జాతరకు పోయారు, ఏ పన్నుకు ఏడ్చారు అని వెతికారాయన. పండితులు అలంకారాల కోసం తిరగేసే ‘క్రీడాభిరామం’లో ఆయన ఓరుగల్లు వీధులు చూశారు, రూక ఇస్తే పూటకూటింట్లో ఏం వడ్డించేవారో చూశారు. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో, ‘హంసవింశతి’లో మామూలు జనం బతుకు ఏరి కుప్పపోశారు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కారు. అబిడ్స్ రెడ్డి హాస్టల్ బాధ్యతలు మోశారు, 1926 నుంచి గోలకొండ పత్రిక నడిపారు, ఆ నడుమ దొరికిన రాత్రుల్లో ఈ పని చేశారు. మధ్యయుగాల తెలుగు సమాజం గురించి తెలుగులో, తెలుగువాళ్ల కోసం, హైదరాబాదులో కూచుని చేసిన పరిశోధన అది. డెబ్బై ఐదేళ్లు గడిచాయి. ఆ దారిని వెడల్పు చెయ్యాల్సిన వాళ్లు ఆ దారి మొదట్లో శిలాఫలకం నాటి ఇళ్లకు వెళ్లిపోయారు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి బయల్దేరండి. ఆ తోటలోనే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఉంది. దాని పక్కన శాసనసభ, ఆ చుట్టుపక్కలే తెలుగు విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం. కాస్త ముందుకు వస్తే గన్‌ఫౌండ్రీలో పురావస్తు శాఖ కార్యాలయం. అటు బషీర్‌బాగ్ వైపు నిజాం కాలేజీ. ఇటు అబిడ్స్ దాటి తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు, 1943లో పుట్టింది. ఇంకొంచెం నడిస్తే సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1901 నాటిది. తీరిగ్గా నడిచినా గంట పట్టదు. రాయి, రాగిరేకు, నాణెం, పుస్తకం, ప్రభుత్వం, విశ్వవిద్యాలయం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలుగునేల మీద మరొకటి నాకు తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1918లో పుట్టినప్పుడు ఈ గన్‌ఫౌండ్రీ, అబిడ్స్ చుట్టుపక్కల అద్దె భవనాల్లోనే నడిచింది. అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గాని తయారు కాలేదు.

ఇన్ని ఉన్న ఈ గంట నడకలో, జనగామ నుంచో కొల్లాపూర్ నుంచో వచ్చిన ఒక పిల్ల ‘కాకతీయుల నాటి లిపి చదవడం నేర్చుకుంటాను, ఎక్కడికి పోవాలి?’ అని అడిగితే ఫలానా గదికి వెళ్లమ్మా, రెండేళ్లు కూచోబెట్టి నేర్పుతారు అని చెప్పగలమా? చెప్పలేం. అప్పుడప్పుడూ వారం రోజుల శిక్షణ శిబిరాలు పెడతారు, చివరి రోజు గ్రూపు ఫొటో తీసి సర్టిఫికెట్లు పంచుతారు. వారంలో లిపి రాదు. ఎండలో వానలో అరిగిన రాతి మీద ‘వ’కూ ‘ప’కూ తేడా పట్టడానికి, శక సంవత్సరాన్ని మన తేదీకి తిప్పడానికి, దానం ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో తేల్చడానికి ఏళ్లు కావాలి, పక్కన కూచుని తప్పు దిద్దే గురువు కావాలి.

అలాంటి గురువులు మనకు ఉండేవారు. 1923లో చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు పోతే ఆయన పేరిట హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి పెట్టుకున్నారు. తెలుగులో మాట్లాడితేనే చిన్నచూపు చూసే రోజుల్లో, సర్కారు సాయం లేని వాళ్లు ఊళ్లు తిరిగి శాసనాలు ఎత్తి రాసుకుని 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి భాగం అచ్చువేశారు. రెండో భాగం 1960లో గడియారం రామకృష్ణశర్మ సంపాదకత్వంలో వచ్చింది. తర్వాత ప్రభుత్వమే పూనుకుంది. 1970ల్లో నేలటూరి వెంకటరమణయ్య, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటివారి చేతుల మీదుగా వరంగల్లు, కరీంనగర్ జిల్లాల శాసన సంపుటాలు వెలువడ్డాయి. హరూన్ ఖాన్ షేర్వానీ, పి.ఎం. జోషీ కలిసి మధ్యయుగ దక్కను చరిత్రను రెండు పెద్ద సంపుటాలుగా కూర్చితే 1973, 74లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అచ్చువేసింది. ఒక ప్రభుత్వం ఇలాంటి పని చెయ్యగలదని చెప్పడానికి రుజువులు ఆ పుస్తకాలు. అందుకే డబ్బుల్లేవు, మనుషుల్లేరు అనే మాట నా దగ్గర చెల్లదు. అప్పటి ఖజానా ఇప్పటికన్నా బీదది.

ఒక్క రాయి ఏం చేస్తుందో చందుపట్ల చెప్తుంది. రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చాలాకాలం చరిత్ర పుస్తకాలు రాశాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించింది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేస్తున్నానని రాయించాడు. తేదీ 1289 నవంబరుకు సరిపోతుంది. అంటే మహారాణి అప్పటికే లేదు. రాణీ సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉండాలని, కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు అణచడానికి ముదిమిలోనూ ఆమె కదిలిందని పరబ్రహ్మశాస్త్రి తేల్చారు. ఆస్థాన కవి ఎవరూ చెప్పని సంగతి అది. ఒక మామూలు సైనికుడి కృతజ్ఞత మనకు చెప్పింది, దాన్ని చదవగలిగిన మనిషి అప్పటికి మనకు ఉన్నాడు కనక తెలిసింది. రుద్రమ మీద సినిమాలు తీస్తాం, విగ్రహాలు నిలబెడతాం, ఎన్నికల సభల్లో పేరు పలుకుతాం. రేపు ఇంకో పొలంలో ఇంకో చందుపట్ల దొరికితే చదవడానికి ఎవరిని పంపుతాం?

ఇప్పుడు ఆ భారం మోస్తున్నది ఎక్కువగా రిటైరైన బడిపంతుళ్లు, సొంత జేబులోంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని ఊళ్లు తిరిగే ఔత్సాహికులు. కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటివాళ్లు సెలవు రోజుల్లో వెళ్లి గుట్టల మీద, చెరువు కట్టల మీద శాసనాలు వెలికితీస్తున్నారు. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కాని ఒక రాష్ట్రం తన గతాన్ని ఔత్సాహికుల ఆదివారాలకు వదిలేయడం సిగ్గుచేటు. వాళ్లు తెచ్చిన ఫొటో పత్రికలో ఒక రోజు పడుతుంది. ఆ పాఠాన్ని పరిష్కరించి, పాత శాసనాలతో పోల్చి, సంపుటంలో చేర్చే చోటు ఏది?

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వచ్చే జనం నేరుగా ఈజిప్టు మమ్మీ దగ్గరికి పోతారు. పిల్లలకు చూపించాల్సిందే, నేను వద్దనను. కాని రెండు వేల ఏళ్ల కిందటి ఆ పరాయి దేశపు అమ్మాయి గురించి టీచరు చెప్పగలిగినంత కూడా, ఆ ఆవరణలోని కాకతీయ శిల్పం గురించి చెప్పలేకపోతోంది. ఆ టీచరును ఎలా తప్పు పట్టను? ఆమె డిగ్రీలో చరిత్ర చదివింది. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో చెప్పగలదు. మోటుపల్లిలో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం ఆమె పాఠంలో ఒక పంక్తి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే కాలంలో, లాక్కోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని 1244లో రాతిమీద చెక్కించిన రాజు మనవాడు. ఈ సంగతి చదివితే పదో తరగతి పిల్లవాడి కళ్లు మెరుస్తాయి. మనం చదివించం.

ఇంకా పెద్ద నేరం ఒకటి జరుగుతోంది. మధ్యయుగాల తెలంగాణను మనం నిలువునా రెండు ముక్కలు చేశాం. తెలుగు శాఖలో వాళ్లు తెలుగు కావ్యాలు చదువుతారు, ఫార్సీ రాదు. ఉర్దూ, ఫార్సీ శాఖల వాళ్లు తారీఖులనే ఫార్సీ చరిత్రలు, ఫర్మానాలు చదువుతారు, తెలుగు శాసనం ముట్టరు. చరిత్ర శాఖలో వాళ్లు రెండూ వదిలేసి ఇంగ్లీషు పుస్తకంలోంచి ఇంగ్లీషు వ్యాసం రాస్తారు. గోలకొండ నవాబులు ఇలా బతకలేదు. ఇబ్రహీం కుతుబ్ షా మన కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరువు ఏలిన అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీ ఫర్మానాల్లో ఫార్సీ పాఠం కింద తెలుగు పాఠం ఉన్నవి ఎన్నో. ఒకే కాగితం, ఒకే ఆజ్ఞ, రెండు భాషలు. ఆ కాగితాన్ని ఇవాళ ఒకే మనిషి పైనుంచి కిందిదాకా చదవలేడు. తార్నాక పురాలేఖల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కను పాలన కాగితాలు లక్షన్నర దాకా ఉన్నాయి. గుర్రాలకు వేసిన ముద్రల వివరాలు, సిపాయిల జీతాలు, జాగీర్ల లెక్కలు, అన్నీ షికస్తా లిపిలో. మన ఊళ్ల పేర్లు, మన మనుషుల పేర్లు ఆ గొలుసుకట్టు రాతలో చిక్కుకుని ఉన్నాయి. ఆ లిపి వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఈ ముక్కలు చేయడం వల్ల లాభపడేవాళ్లున్నారు, వాళ్ల మీదే నా కోపం. 1323లో ఓరుగల్లు పడగానే తెలుగు చరిత్ర ఆగిపోయిందని, ఆ తర్వాతిదంతా పరాయిదని చెప్పేవాడు ఒకడు. 1591లో చార్మినార్ కట్టిన రోజే ఇక్కడ నాగరికత మొదలైందన్నట్టు మాట్లాడేవాడు ఇంకొకడు. ఇద్దరూ మూల పత్రాలు ముట్టరు. ఇద్దరికీ మైకులున్నాయి. మూలాలు చదవగలిగిన వందమంది యువకులు ఈ ఊళ్లో ఉంటే వీళ్లిద్దరి నోళ్లూ ఒక్క ఏడాదిలో మూతపడతాయి.

కుల సంఘాల గొడవ ఇంకొకటి. కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని ఫ్లెక్సీలు కడతారు. శాసనాలు ఏమంటున్నాయి? చాలా కాకతీయ శాసనాలు వర్ణం ఊసే ఎత్తవు. ఎత్తిన వాటిలో చతుర్థ కులజులమని చెప్పుకున్నవి ఉన్నాయి, సూర్యవంశ క్షత్రియులని పొగిడినవీ ఉన్నాయి. అమెరికా చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఈ కాలపు శాసనాలను వందల సంఖ్యలో పరిశీలించి 2001లో మధ్యయుగ ఆంధ్ర మీద పుస్తకం తెచ్చారు. రెడ్డి, బోయ, సెట్టి, నాయకుడు అన్నవి ఆనాడు ఇవాళ్టి అర్థంలో బిగుసుకుపోయిన కులాలు కావని, చేసే పనినీ దక్కిన హోదానూ బట్టి మనుషులు అటూ ఇటూ కదలగలిగిన సమాజం అదని ఆమె వాదన. ఒప్పుకోండి, ఖండించండి, కాని శాసనాలు ముందేసుకుని మాట్లాడండి. మన ఊళ్ల రాళ్ల మీద మనకు అత్యవసరమైన చర్చ న్యూయార్కులో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకంలో జరుగుతోంది. మరో అమెరికా పండితుడు ఫిలిప్ వాగ్నర్ తెలుగు నేర్చుకుని ‘రాయవాచకం’ చదివి 1993లో ఇంగ్లీషులోకి తెచ్చారు. రిచర్డ్ ఈటన్‌తో కలిసి దక్కను కోటల మీద రాశారు. వాళ్లది గొప్ప శ్రమ, ఆ శ్రమకు మనం రుణపడ్డాం. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు తెలుగు నేర్చుకుంటే, ఈ నేల మీద పుట్టిన పిల్లలకు తమ తాతల లిపి నేర్పే ఒక బల్ల, ఒక కుర్చీ మనం వెయ్యలేమా?

జర్మన్లు 1819లో తమ మధ్యయుగ పత్రాలన్నీ సంపుటాలుగా తేవాలని ఒక సంస్థ పెట్టుకున్నారు, మోనుమెంటా జెర్మానియే హిస్టోరికా అని. రెండు ప్రపంచ యుద్ధాల్లో వాళ్ల నగరాలు బూడిదయ్యాయి, దేశం రెండుగా చీలింది, మళ్లీ కలిసింది. ఆ పని ఆగలేదు. ఇవాళ్టికీ సంపుటాలు వస్తున్నాయి, పాతవి ఎవరైనా ఊరికే ఇంటర్నెట్లో చదువుకోవచ్చు. మనకు బాంబులు పడలేదు. రాష్ట్రం విడిపోతే చాలు, సంస్థలు కుప్పకూలాయి. 1985 డిసెంబరు 2న మొదలైన తెలుగు విశ్వవిద్యాలయం చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖను శ్రీశైలంలో పెట్టుకుంది. 2014లో గీత గీస్తే ఆ పీఠం ఇంకో రాష్ట్రంలో తేలింది. విశ్వవిద్యాలయం విభజన చట్టం పదో షెడ్యూలులో చిక్కి పదేళ్లు వాయిదాల్లో నలిగింది. ఆ పదేళ్లలో రెండు ప్రభుత్వాలూ ఆస్తుల లెక్కలు చూసుకున్నాయి. పరిశోధన ఎవరి వాటాకూ రాలేదు.

తెలుగుకు ప్రాచీన హోదా 2008లో వచ్చింది. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం అప్పుడు అందరి నోటా నలిగింది. పంప మహాకవి తమ్ముడాయన. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద, తెలుగులో మూడు కంద పద్యాలు. హోదా తెచ్చుకోవడానికి ఆ బండ పనికొచ్చింది. ఆ తర్వాత గుట్ట చుట్టూ గ్రానైటు క్వారీల పేలుళ్లు మొదలైతే స్థానికులే అడ్డుపడాల్సి వచ్చింది. హోదాతో వచ్చిన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఏళ్లపాటు మైసూరులో ఉండిపోయి, చివరికి నెల్లూరు చేరింది. కుర్క్యాల పద్యం చూపి రొమ్ము విరుచుకున్న హైదరాబాదు దాన్ని చదివే పీఠాన్ని మాత్రం అడగలేదు.

ఉద్యోగాలు రావని అంటారు. నిజమే, ఇవ్వకపోతే రావు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపకుల నియామకాలు సక్రమంగా జరిగి పదేళ్లు దాటింది. పోస్టులు ఖాళీ పెట్టి, పిల్లలు ఈ సబ్జెక్టుకు రావడం లేదని లెక్క చూపించి, ఆ లెక్కతోనే సబ్జెక్టును మూసేస్తారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు నాయకులంతా ఫొటోలు దిగారు. ఆ గుడి కట్టిన సంగతి, సంవత్సరం, కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు మనకు ఎలా తెలిశాయి? అక్కడి 1213 శాసనం ఎవరో కూచుని చదివారు కనక. పర్యాటకం పేరుతో వేసే ప్రతి దీపం కిందా ఒక శాసన పరిశోధకుడి జీవితం ఉంది. దీపాలకు టెండర్లు పిలుస్తారు, ఆ జీవితానికి జీతం ఇవ్వరు.

పుస్తకాల సంగతి చెప్పకపోతే అన్యాయం. ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి, ప్రభుత్వమే అచ్చువేసిన ఒక శాసన సంపుటం కావాలని అడిగాను. స్టాకు లేదన్నారు, మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదన్నారు. అదే సంపుటం ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, మూసిన దుకాణాల ముందు పరిచిన పాత పుస్తకాల కుప్పలో దొరికింది. లోపల ఏదో గ్రంథాలయం ముద్ర ఉంది. అమ్మే ఆయనకు దాని విలువ తెలుసు, బేరానికి లొంగలేదు, నేనూ గట్టిగా ఆడలేదు. తెలుగునాట మధ్యయుగ పరిశోధక విద్యార్థికి నిజమైన గ్రంథాలయం ఏళ్ల తరబడి ఆ ఫుట్‌పాతే. ఆ వ్యాపారులు ఎండకూ వానకూ ఓర్చి కాపాడిన పుస్తకాలను, కోట్ల బడ్జెట్లున్న సంస్థలు తూకానికి వదిలేశాయి.

ప్రధాన ప్రాంగణం బాచుపల్లికి తరలింది కదా, నాంపల్లి పాత భవనాన్ని ఏ ఆఫీసుకో అప్పగించాలని ఎవరైనా ఆలోచిస్తుంటే ఆ ఆలోచన మానండి. ఆ భవనం మధ్యయుగ దక్కను అధ్యయనానికి ఇవ్వండి. తెలుగు, సంస్కృతం, ఫార్సీ, కన్నడం నలుగురు గురువులు ఒకే వరండాలో కూచోవాలి. శాసన లిపి ఒక గదిలో, షికస్తా పక్క గదిలో నేర్పాలి, ఒకే విద్యార్థి రెండు గదులకూ వెళ్లాలి. రాళ్లు కావాలంటే మ్యూజియం తోటలోనే ఉంది. మైసూరు శాసన విభాగంలో భద్రపరిచిన తెలుగు శాసనాల నకళ్లకు డిజిటల్ ప్రతులు అడిగి తెచ్చుకోవాలి. ఆగిపోయిన జిల్లా సంపుటాలు మళ్లీ మొదలుపెట్టాలి, అచ్చులో లేనివన్నీ అందరూ ఊరికే చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టాలి. ఊళ్లు తిరిగే ఔత్సాహికులను ఆహ్వానించి, వాళ్లు తెచ్చిన పాఠాల కింద వాళ్ల పేరే వెయ్యాలి. ఐదేళ్లకొకసారి మారే ప్రభుత్వాల చేతికి అందనంత దూరంలో దీనికి నిధి కట్టాలి.

మే 28 ప్రతాపరెడ్డి పుట్టినరోజు. మంత్రులు వస్తారు, వీసీలు వస్తారు, ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. వచ్చే ఏడాది ఆ రోజున దండ తేవద్దు. ఆ నలుగురు గురువుల నియామక ఉత్తర్వులు పట్టుకుని రండి.